బల్ల మీద కోట... మెడ మీద బస్తా!

భువనగిరి గుట్ట తెలియనివారు పాత నల్గొండ జిల్లాలో ఉండరు. రైల్లో వెళ్లినా, వరంగల్ బస్సులో వెళ్లినా ఆ ఏకశిల కంట పడక మానదు. చుట్టూ ఉన్న నేల నుంచి దాదాపు 500 అడుగుల ఎత్తు. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించాడని చెప్పే ఆ కోటను మన గదిలో, మన బల్ల మీద నిలబెట్టాలంటే ఎలా?

దీనికి ఒక లెక్కుంది. సైనిక నమూనాలు చేసేవారు ప్రపంచమంతటా ఎక్కువగా వాడే స్కేళ్లలో 72కి 1 ఒకటి. అంటే ఆరడుగులకు అంగుళం. ఆరడుగుల సిపాయి అంగుళం ఎత్తుంటాడు. గోల్కొండ పెట్ల బురుజు మీది ఫతే రహబర్ ఫిరంగి పొడవు సుమారు 16 అడుగులు. అది రెండు ముప్పాతిక అంగుళాల్లో ఒదిగిపోతుంది. అదే లెక్కన భువనగిరి గుట్ట చేస్తే ఏడడుగులవుతుంది! కాబట్టి కోటలకు 50 అడుగులకు అంగుళం చొప్పున వేసుకోవాలి. అప్పుడు గుట్ట పది అంగుళాలు, ఇరవై అడుగుల బురుజు శనగగింజంత. ఇక సిపాయి జొన్నగింజ కన్నా చిన్నవాడైపోతాడు కనుక అతన్ని పెట్టే పని ఉండదు.

ఇంగ్లండులో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 1950ల నుంచి ప్లాస్టిక్ విమానాల ముక్కలను పెట్టెల్లో పెట్టి అమ్మింది. కొన్నవారు ఇంట్లో అతికించుకునేవారు. జపాన్‌లో తమియా కంపెనీ 1961లో జర్మనీ వారి ప్యాంథర్ ట్యాంకు నమూనా తెచ్చింది. దాని కడుపులో మోటారు, రెండు బ్యాటరీలు పట్టేలా కొలతలు వేసుకోగా 35కి 1 స్కేలు కుదిరింది. ట్యాంకులు చేసేవారికి నేటికీ అదే ప్రమాణం. మన పక్కనే, పాత మెదక్ జిల్లా ఎద్దుమైలారంలో 1984లో మొదలైన ఆయుధ కర్మాగారం ‘శరత్’ సాయుధ వాహనాలు చేస్తుంది. ఆ స్కేలులో ఒక్కొక్కటి సుమారు 19 సెంటీమీటర్లు వస్తుంది.

పెట్టెల ధర చూసి బెదరనక్కరలేదు. కోటకు అట్టపెట్టెలు, థర్మకోల్ చాలు. నిర్మల్, కొండపల్లి కళాకారులు వాడే పొనికి కర్ర దొరికితే మరీ మంచిది. మెత్తగా చాకుకు లొంగుతుంది. కొండపల్లివారు రంపపు పొట్టును చింతగింజల జిగురులో కలిపి చేసుకునే మక్కుతో గుట్ట మీది రాతి మడతలు ఎంత సహజంగా వస్తాయో చేసి చూస్తేగాని తెలియదు.

బొమ్మలు చేయవచ్చా అని పెద్దలు అడుగుతారు. ప్రాణుల బొమ్మల విషయంలో ఉలమాల మధ్య చర్చ ఉంది, మేము అందులోకి దిగడం లేదు. కోటకు, ఫిరంగికి, బండికి ప్రాణం లేదు. పైగా హజ్రత్ ఆయిషా (రజి) ఆటబొమ్మల్లో రెక్కల గుర్రం ఉండేదని, గుర్రానికి రెక్కలేమిటని దైవప్రవక్త (స) అడిగితే, సులైమాన్ (అ) గుర్రాలకు రెక్కలుండేవని వినలేదా అని ఆమె బదులిచ్చారని, ఆయన పళ్లు కనిపించేలా నవ్వారని అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఆ నవ్వు మనసులో పెట్టుకుంటే చాలామంది తండ్రులు పిల్లల అట్టముక్కలను చెత్తలో పడేయరు.

మేము చెప్పదలచిన అసలు సంగతి బొమ్మది కాదు, చేసేవాడిది. ఈ షౌఖు ఉన్నవారిని అడగండి. మెడ నొప్పి, నడుము నొప్పి, కళ్ల మంట, బొటనవేలు బిగుసుకోవడం... వీటిలో ఒకటైనా లేనివారు అరుదు. మనిషి తల బరువు ఐదు కిలోల దాకా ఉంటుంది. తల నిటారుగా ఉన్నంతసేపు మెడకు అంతే బరువు. ముందుకు వంచినకొద్దీ భారం పెరుగుతుంది. న్యూయార్క్ వెన్నెముక వైద్యుడు కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో వేసిన లెక్క ప్రకారం 60 డిగ్రీలు వంచితే మెడపై పడే భారం సుమారు 27 కిలోలు. అంటే శనగగింజంత బురుజు అతికించడానికి మెడ మీద బియ్యం బస్తా పెట్టుకుని కూర్చుంటున్నామన్నమాట!

మన ప్రాంతంలో ఈ మాటకు ఇంకో బరువుంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు తరతరాలు ఫ్లోరైడ్ నీళ్లు తాగాయి. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకల చుట్టూ ఉన్న నరాలపట్టీలు సైతం గట్టిపడి మెడ తిరగదు, నడుము వంగదు. తరువాత కృష్ణా నీళ్లు వచ్చాయి. నీళ్లు మారాయి గానీ, బిగిసిన కీళ్లు మారలేదు. ఇక పాలమూరు సంగతి చెప్పాలా? దేశంలోని ఆనకట్టల మీద, కాలువల మీద మట్టి మోసి మోకాళ్లు అరగదీసుకుని ఇంటికి చేరినవారెందరో. పొలానికి, పనికి పోలేని అలాంటి మనిషి మంచం మీద గోడ చూస్తూ కూర్చుంటాడు. అతని చేతికి ఒక చాకు, నాలుగు అట్టముక్కలు ఇవ్వాలని ఎవరికీ తోచదు. ఇదేమీ వైద్యం కాదు, కీళ్లను నయం చేయదు. కానీ రోజుకొక బురుజు చొప్పున రేపటికి ఒక పని మిగులుతుంది. ఆ మాత్రం అతనికి తక్కువేమీ కాదు.

అయితే బల్ల దగ్గరకు ఒళ్లు వంగకూడదు, పనే ఒంటి దగ్గరకు రావాలి. ఇది మనవాళ్లకు కొత్తా? పోచంపల్లిలోనో గద్వాలలోనో గుంటమగ్గం చూడండి. నేల మీద కూర్చున్నా కాళ్లు గుంటలోకి వేలాడతాయి, మోకాళ్లు మడవనక్కరలేదు, నేత చేతికి అందే ఎత్తులో ఉంటుంది. మన ఇంట్లోని రెహాల్ సంగతీ అంతే. నేల మీద కూర్చుని చదివేవాడు వంగకుండా గ్రంథమే పైకి లేస్తుంది. రెహాల్‌ను పవిత్ర గ్రంథానికే ఉంచి, ఆ కిటుకును మాత్రం తెచ్చుకోవాలి. నాలుగు ఇటుకల మీద వాలుగా ఒక పలక పెట్టి, దాని కింది అంచుకు ఒక పుల్ల కొట్టి, నమూనాను రొమ్ము ఎత్తుకు లేపాలి. మోచేతులు పలక మీద ఆనాలి, గాలిలో వేలాడకూడదు. మెడ తిరగనివారికి కింద కుమ్మరి సారెలా తిరిగే గుండ్రటి చెక్క ఒకటి ఉండాలి. మనిషి బదులు కోటే తిరుగుతుంది.

మసీదులో కుర్చీ మీద నమాజు చేసే పెద్దాయనను ఎవరూ తప్పుపట్టరు. ఇంట్లో మాత్రం చాప మీదే కూర్చోవాలన్న పట్టు ఎందుకో మాకు అర్థం కాదు. దేహానికీ కంటికీ మనిషిపై హక్కు ఉందని దైవప్రవక్త (స) అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)కు చెప్పింది ఎడతెగని ఉపవాసాలు, రాత్రంతా ఆరాధనల విషయంలో. ఆరాధనకే హద్దు ఉన్నప్పుడు అట్టకోట కోసం అర్ధరాత్రి దాకా కళ్లు పాడుచేసుకోవడం ఏ లెక్కన?

చాకుకు, పట్టకారుకు పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టితే పిడి లావవుతుంది, బిగిసిన వేళ్లకు పట్టు దొరుకుతుంది. పొద్దున లేవగానే కీళ్లు మొండికేస్తాయి కనుక కోతపని ఎండెక్కాక పెట్టుకోవాలి. అరగంటకోసారి లేవాలి, లేవలేనివారు భుజాలైనా తిప్పాలి. భూతద్దం చేత్తో పట్టుకోకుండా తీగతో పలకకు బిగిస్తే ఒక చెయ్యి ఖాళీ అవుతుంది. దీపం ఎడమవైపు నుంచి పడాలి, ఎడమచేతివాటం వారికి కుడివైపు నుంచి. థిన్నరు, ప్లాస్టిక్ జిగురు వాడేటప్పుడు కిటికీ తెరవాలి. తల తిరిగితే పని ఆపి బయటకు రావాలి. వేళ్లు తిమ్మిరెక్కి రాత్రిళ్లు మెలకువ వస్తున్నా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా అది అలసట అనుకోవద్దు. ముఖ్యంగా ఫ్లోరైడ్ ఊళ్లవారు డాక్టరును చూడాలి. గట్టిపడిన వెన్ను నరాలను నొక్కుతూ ఉండవచ్చు.

మొదటి నమూనాకు కోయిలకొండ వద్దు, దాని మెట్లే ప్రాణం తీస్తాయి. భువనగిరే మేలు. గుట్ట గుండ్రన, ఒకే రాయి, తప్పు పోయినా మక్కు కప్పేస్తుంది. ముందు గుట్ట ఆరనివ్వండి. వానాకాలమైతే రెండు మూడు రోజులు పడుతుంది. గోడలు ఆ తరువాతే.