నాటకమునకు ముందు భోజనము: మిలాను నగరపు చిక్కు

ఇటలీదేశపు ఉత్తరభాగమున లొంబార్డీ యను సీమ కలదు. దానికి ముఖ్యపట్టణము మిలాను. ఆ నగరమందలి స్కాలా రంగశాల మిక్కిలి పేరెన్నికగన్నది. అది 1778 ఆగస్టు 3వ తేదీని తెరువబడెను. 1943లో బాంబులచే పాడైనను, 1946 మే నెలలో మరల తెరచిరి. పాటతోనే కథ నడచు ఆపెరా యను నాటకములు అచ్చట ఆడుదురు.

తెల్లవార్లు నాటకము చూచుట మనకు క్రొత్త కాదు. పెందలకడ భోజనము ముగించి చాప చంకను పెట్టుకొని పోయిన సరిపోవును. మిలానులో అట్లు సాగదు. ఆట సాధారణముగా రాత్రి 8 గంటలకు మొదలై మూడు గంటలకు పైగా జరుగును. తలుపులు మూసిన పిమ్మట వచ్చినవారిని విరామమువరకు లోనికి విడువరు. భోజనశాలలా, ఏడింటికో ఏడున్నరకో గాని రాత్రిభోజనము పెట్టవు.

దీనికి తోడు ఆ సీమ వంటకమే తొందరకు లొంగనిది. ఇటలీవారు గోధుమపిండి వంటలే తిందురని మనలో పలువురి తలంపు. పో నదీమైదానమున కాలువల క్రింద వరి విరివిగా పండును. బెయిర్డు స్మిత్తు అను ఇంజనీరు ఆ కాలువలను గూర్చి 1852లో గ్రంథము ప్రకటించి, పిమ్మట మన కృష్ణా గోదావరుల పనులను గూర్చియు వ్రాసెను. ఆ బియ్యముతో చేయు రిసొట్టోయే మిలానువారి అభిమానభోజనము.

బియ్యము కడుగరు, గంజి వార్చరు. గింజ పొట్టిగా, లావుగా నుండును. ఉల్లిపాయముక్కలతో వెన్నలో దోరగా వేయించి, కొంచెము ద్రాక్షసారా చిలుకరించి, కాగుచున్న మాంసరసమును గరిటె గరిటెగా పోయుచు కలుపుచుందురు. ఎముకలలోని మూలుగు కూడ చేర్తురు గావున శాకాహారులు ముందే విచారించుకొనవలెను. కుంకుమపువ్వుచే పసిమివన్నె వచ్చును. దింపిన పిమ్మట వెన్నయు, తురిమిన జున్నును కలుపుదురు. సుమారు 18 నిమిషములలో గింజ నడుమ రవంత పలుకుండగనే పళ్ళెములో పెట్టవలెను. పళ్ళెము వంచిన అల వలె జారవలెను. కొంతసేపు నిలిచెనా, ముద్ద కట్టును. గడియారము చూచుకొనుచు దానిని మ్రింగుటకంటె ఆ పూట తినకుండుటయే మేలని నా అభిప్రాయము.

పూర్వమీ చిక్కు లేదు. ధనికులు రంగశాలలో తమ తమ గదులయందే తినుచు, త్రాగుచు, ముచ్చటలాడుచు ఆట చూచెడివారు. 1898లో అచ్చటి వాద్యబృందమునకు నాయకుడైన టాస్కనీనీ చూచువారివైపు దీపములు తగ్గించి, అందరి దృష్టిని రంగముమీదికి త్రిప్పెను. సంగీతమునకు మేలే జరిగినది; ఆకలి మాత్రము వీథిలోనికి వచ్చినది.

ఇప్పుడు పలువురు ఆరు గంటలకు ఒక పానీయముతో చిరుతిండి తిని లోనికి పోవుదురు. అసలు భోజనము ఆట ముగిసిన తరువాతనే. అంత రాత్రివేళకు తగినట్లు వారు కల్పించుకొన్నదే రిసొట్టో అల్ సాల్తో. మిగిలిన అన్నమును పెనముమీద వెన్నలో పలుచగా నొత్తి, రెండువైపుల కరకరలాడునట్లు కాల్తురు. మన దిబ్బరొట్టె చుట్టునుండు కరకర నెరిగినవారికి దీని రుచి వేరుగ చెప్పనక్కరలేదు. క్షణములో సిద్ధమగును, వేచియుండిన చెడదు. అయితే ఆటకు పోకముందే భోజనశాలవారితో చెప్పి యుంచవలెను. లేనిచో తిరిగి వచ్చుసరికి పొయ్యి ఆర్పి యుందురు.