నెత్తిన పడదు... నిలబడి చూడొచ్చు!

విజయనగరం: 1979లో స్కైలాబ్ పడుతుందన్న పుకారుకు కోళ్లూ, మేకలూ కోసుకు తిన్నవారు పల్లెల్లో ఇంకా ఉన్నారు. అలాంటి పుకార్లకు మళ్లీ అదను రాబోతోంది. 300 మీటర్లకు పైబడిన అపోఫిస్ అనే గ్రహశకలం 2029 ఏప్రిల్ 14 తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో భూమికి 32 వేల కిలోమీటర్ల దూరం నుంచి దూసుకుపోతుంది. 2004లో కనుగొన్న కొత్తలో శాస్త్రజ్ఞులూ కంగారుపడిన మాట నిజమే. రాడార్ పరిశీలనల తర్వాత, నూరేళ్ల వరకూ ఢీకొనదని 2021లో తేల్చారు.

జీతపు శాస్త్రజ్ఞుడు కాని అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న విశాఖలోనే సూర్యుడి మీదుగా శుక్రుడు సాగడాన్ని పరిశీలించారు. అపోఫిస్‌కు వేధశాల కూడా అక్కర్లేదు. దీపాల వెలుగు సోకని పొలం గట్టు, ఓ బైనాక్యులర్స్ చాలు. ఆ రాత్రి వెతకాలి. మిగతా చుక్కల మధ్య నుంచి జరిగిపోతున్న చుక్కే అది. ఏ వేళకు ఏ చుక్క పక్కన ఉందో కాగితం మీద గుర్తుపెట్టుకోవాలి. మబ్బు పట్టకుండా ఉంటే సరి.