పదును పోయిందా, జిగురు పట్టిందా? చక్రపు రంపం బ్లేడు సంరక్షణ

హోసూరు, డెంకణికోట ప్రాంతాల గ్రామాలలో చేతిరంపం పట్టే వడ్రంగి ఇప్పుడు అరుదుగా కనిపిస్తాడు. కరెంటుతో తిరిగే చిన్న కోత మిషను, దానికి బిగించిన గుండ్రటి పళ్ళ బ్లేడు దాదాపు ప్రతి వడ్రంగి సంచిలోనూ చేరాయి. మన తెలుగులోనూ, తమిళంలోనూ రంపమనే అంటాము. కన్నడంలో గరగస అంటారు. పేరు ఏదైనప్పటికీ ఈ పనిముట్టు విషయంలో మూడు భాషలవారూ చేసే పొరపాటు మాత్రం ఒక్కటే. కోత నెమ్మదించగానే పదును పోయిందని తీర్మానించి కొత్త బ్లేడు కొనడమో, సాన పట్టించడానికి పట్నానికి పంపడమో చేస్తారు. అనేక సందర్భాలలో అసలు పదును పోయి ఉండదు, పళ్ళకు జిగురు పట్టి ఉంటుంది.

ఈ సంగతి నాకు మా పెదనాన్నగారి అబ్బాయి వలన బోధపడింది. ఒక వేసవి సెలవులలో మా పాఠశాల బెంచీలు బాగుచేయడానికి వచ్చిన ఆయన, మూడవ బెంచీ వద్ద మిషను ఆపి "తమ్ముడూ, బ్లేడు చచ్చిపోయింది, కొత్తది తెప్పించు" అన్నాడు. అప్పుడు మేము కోస్తున్నది ఫ్యాక్టరీ సామాను వచ్చిన పాత పెట్టెల పైన్ చెక్క. బ్లేడు విప్పి చూస్తే పళ్ళ పక్కన నల్లటి పొర కనిపించింది. గోటితో గీరితే మైనంలా లేచి వచ్చింది. గోరువెచ్చని నీళ్ళు, వంటసోడా, ఒక పాత పళ్ళ బ్రష్షు తెచ్చి అరగంట శ్రమపడ్డాము. మిగిలిన పదకొండు బెంచీలూ ఆ బ్లేడుతోనే పూర్తయ్యాయి.

మా అన్నయ్య ఎడమచేతి చూపుడువేలికి పై కణుపు లేదు. అది అంతకు చాలా ఏళ్ళ క్రితం మాట. తెగని చెక్కను బలవంతంగా తోస్తుండగా అది వెనక్కు తన్నింది, చేయి జారింది. ఆనాటి బ్లేడు కూడా ఇలాగే నల్లబడి ఉండేదని ఆ రోజు బెంచీల మధ్య కూర్చుని తానే చెప్పాడు. కావున దీనిని కేవలం డబ్బు ఆదా చేసే ఉపాయంగా పాఠకులు భావించవద్దు.

జిగురుకూ, వెనక్కు తన్నడానికీ గల సంబంధం తెలియాలంటే పన్ను నిర్మాణం చూడాలి. బ్లేడు రేకు కంటే పన్ను కొంచెం వెడల్పుగా ఉంటుంది. పన్ను కోసిన గాడిలో రేకు తగలకుండా తిరగడానికే ఈ ఏర్పాటు. ఆ ఖాళీ ఒక్కొక్క పక్క మిల్లీమీటరులో మూడో వంతో, సగమో మాత్రమే. జిగురు, పొట్టు కలిసి అంత మందాన పేరుకుంటే ఖాళీ మూసుకుపోతుంది. రేకు చెక్కను ఒరుసుకుని వేడెక్కుతుంది. ఆ వేడికి చెక్కలోని జిగురు మరింత కరిగి మరింత అంటుకుంటుంది. అంచు వేడెక్కిన రేకు వ్యాకోచించి అటూ ఇటూ ఊగుతుంది కూడా. అప్పుడు చెక్క బ్లేడును పట్టేస్తుంది, మనిషి ఇంకా గట్టిగా తోస్తాడు. కోసిన అంచు మాడిన వాసన, పొగ, మిషను మూలుగు అన్నీ ఈ దశలోనే వస్తాయి.

ఇందులో వేగం ఎంతో పిల్లలకు లెక్కగా ఇవ్వవచ్చు. బ్లేడు వ్యాసం 110 మిల్లీమీటర్లు, నిమిషానికి 12,000 చుట్లు అనుకుందాము. అప్పుడు పన్ను సెకనుకు సుమారు 69 మీటర్లు, అనగా గంటకు దాదాపు 250 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. ఆ వేగంలో చెక్క పట్టేసిన తరువాత చేయి తీసుకునే వ్యవధి ఉండదు.

అన్ని జిగుర్లూ ఒకటి కావు. పనసకాయ కోసేముందు మన ఇళ్ళలో చేతికీ కత్తికీ నూనె రాసుకుంటారు, పాలు అంటితే నీళ్ళతో పోదని అందరికీ తెలుసు. పచ్చి పనస, మామిడి దుంగలు కోసిన బ్లేడుకు ముందుగా గుడ్డతో కొంచెం కిరోసిన్ రాయడం అందుకే మేలు. పైన్ చెక్క జిగురులో ఆమ్ల గుణం ఉంది. సోడా వంటి క్షారం తగిలితే అది సబ్బులా మారి నీళ్ళలో కలుస్తుంది. ప్లైవుడ్డు పొరలను అతికించిన జిగురు మాత్రం అంత సులభంగా లొంగదు, రెండుసార్లు నానబెట్టవలసి రావచ్చు.

ఇక విధానానికి వద్దాము. మొదట మిషను ప్లగ్గు పీకాలి. స్విచ్చి ఆపితే చాలదు. బ్లేడు విప్పేటప్పుడు దాని మీది బాణం గుర్తు ఎటు చూస్తున్నదో గమనించుకోవాలి. వెడల్పయిన ప్లాస్టిక్ తొట్టిలో బ్లేడు మునిగేటంత గోరువెచ్చని నీళ్ళు పోసి, లీటరుకు రెండు మూడు చెంచాల వంటసోడా, కొంచెం అంట్లు తోమే సబ్బు కలపాలి. అల్యూమినియం పాత్ర వాడితే సోడాకు నల్లబడుతుంది, ఇంట్లో ఆడవారితో మాట పడవలసి వస్తుంది. పదిహేను ఇరవై నిమిషాలు నానిన తరువాత, చేతికి మందపాటి తొడుగు వేసుకుని, నైలాన్ లేదా ఇత్తడి బ్రష్షుతో నడుమ నుండి అంచు వైపుకు తోమాలి. పన్ను ముందు భాగం, రెండు పక్కలు, పన్నుకూ పన్నుకూ మధ్య గాడి అన్నీ శుభ్రపడాలి. రాత్రంతా నానబెట్టకూడదు, రేకు తుప్పు పడుతుంది. మంచినీళ్ళతో కడిగి, వెంటనే గుడ్డతో తుడిచి, కాసేపు ఎండలో ఉంచి, పలుచగా మిషను నూనె రాయాలి. వంటనూనె వద్దు, కొన్నాళ్ళకు అదే జిడ్డుగట్టి పొట్టును పట్టుకుంటుంది. మళ్ళీ కోతకు ముందు ఆ నూనెను తుడిచివేయాలి, లేనిచో చెక్కకు మరక పడుతుంది.

బ్లేడును ఇరుపక్కలా పట్టి ఉంచే బిళ్ళలను కూడా తుడవాలి. వాటి మధ్య ఒక్క పొట్టు రేణువు ఇరుక్కున్నా బ్లేడు వంకరగా తిరుగుతుంది. ఈ పని దాదాపు ఎవరూ చేయరు.

కొందరు పెద్ద మేస్త్రీలు బ్లేడును నిప్పు మీద కాల్చి జిగురు వదిలిస్తారు. వెనుకటి ఉక్కు రంపాలకే అది చేటు, ఎందుకనగా కాలిన ఉక్కు మెత్తబడుతుంది. నేటి బ్లేడ్లకు పళ్ళ కొనల మీద టంగ్‌స్టన్ కార్బైడు ముక్కలను లోహంతో అతికించి ఉంటారు, కాలిస్తే ఆ అతుకు బలహీనపడుతుంది. తిరిగేటప్పుడు ముక్క ఊడితే అది తూటా వలె పోతుంది. కార్బైడు చాలా గట్టిది, అయినా పెళుసు. ఉలితో గీకితే, సిమెంటు గచ్చు మీద పడవేస్తే అంచు రాలుతుంది. కాస్టిక్ సోడా చర్మాన్నీ కళ్ళనూ కాలుస్తుంది, దాని జోలికి పోవద్దు. పెట్రోలు అసలే వద్దు. తిరుగుతున్న బ్లేడుకు గుడ్డ ఆనించి తుడిచేవారిని నేను కళ్ళారా చూశాను. అంతకంటె అవివేకం మరొకటి లేదు.

శుభ్రపడిన బ్లేడును వెలుతురులో తిప్పి చూస్తే దాని అసలు స్థితి తెలుస్తుంది. పన్ను అంచు వెంబడి సన్నని మెరుపు గీత కనిపిస్తే నిజంగానే మొద్దుబారింది. ఉక్కు పళ్ళయితే ఆకురాయితో పదును పెట్టుకోవచ్చు. కార్బైడుకు ఆకురాయి పనిచేయదు, వజ్రపు చక్రం ఉన్న సాన దుకాణానికే వెళ్ళాలి. పన్ను ఊడినా, గాడి మొదట్లో వెంట్రుకవాసి బీట కనిపించినా ఆ బ్లేడును ఇక బిగించవద్దు, ఎంత ఖరీదు పెట్టి కొన్నదైనా సరే.

మన ఊళ్ళలో పాలరాయి కోసే మిషనుకు చెక్క కోసే బ్లేడు బిగించడం అలవాటైపోయింది. అటువంటి చాలా మిషన్లకు పళ్ళను కప్పే కదిలే మూత ఉండదు. పళ్ళున్న బ్లేడు వాడవద్దని వాటి సూచన పత్రాలలోనే రాసి ఉంటుంది. బ్లేడు మీద ముద్రించిన గరిష్ఠ వేగం మిషను వేగం కంటె తక్కువ ఉంటే ఆ జోడీ పనికిరాదు. కొనేముందు ఈ రెండు అంకెలూ పోల్చి చూడడానికి ఒక నిమిషం కూడా పట్టదు.

ఎన్నాళ్ళకొకసారి కడగాలని అడిగేవారికి నేను రోజుల లెక్క చెప్పను. పైన్ పెట్టెలు కోసే రోజుల్లో సాయంత్రానికే చూడవలసి ఉంటుంది. ఎండిన టేకు కోస్తే వారాలు గడిచినా పెద్దగా పట్టదు. వాడని బ్లేడు పళ్ళ చుట్టూ పాత సైకిలు ట్యూబును నిలువునా చీల్చి తొడిగి, పిల్లలకు అందని ఎత్తున మేకుకు తగిలించాలి. కడిగిన నీళ్ళను పశువుల తొట్టి దగ్గర పారబోయవద్దు. కిరోసిన్ తుడిచిన గుడ్డను పొయ్యికి దూరంగా, ఆరుబయట ఆరవేయాలి.