జింక వేటకు చిన్న తూటా చాలుతుందా?

నవంబరు నెల వచ్చిందంటే అమెరికా పల్లెల్లో జింకల వేట సీజను జోరందుకుంటుంది. పెన్సిల్వేనియాలో చాలా బడులకు థాంక్స్‌గివింగ్ పండుగ తర్వాతి సోమవారం సెలవు ఇచ్చే ఆనవాయితీ ఉంది. ఒకప్పుడు రైఫిల్ వేట మొదలయ్యేది ఆ రోజే. దేశం మొత్తం మీద ఏటా దాదాపు 60 లక్షల జింకలు వేటలో చనిపోతాయని అంచనా. ఇదంతా చట్టబద్ధం. ప్రతి వేటగాడికీ లైసెన్సు ఉండాలి, ఎన్ని జింకలను కొట్టవచ్చో లెక్క ఉంటుంది, తుపాకీకి కూడా నియమాలుంటాయి. ఈ చివరి విషయం దగ్గరే ఏళ్ల తరబడి తెగని వాదన ఒకటి నడుస్తోంది. పాయింట్ 22 వర్గానికి చెందిన చిన్న రైఫిల్‌తో జింకను కొట్టడం సబబేనా అన్నది ఆ వాదన.

ఇది తుపాకీ ప్రియుల కాలక్షేపం కబురులా కనిపిస్తుంది కానీ, కాదు. గురి సరిగా తగిలితే జింక కొన్ని క్షణాల్లో పడిపోతుంది. గుండుకు సత్తువ చాలకపోయినా, తగలకూడని చోట తగిలినా అది గాయంతో పొదల్లోకి పారిపోయి గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి నరకయాతన పడి చస్తుంది. మాంసమూ దక్కదు. నియమాలన్నీ దీన్ని తప్పించడానికి పుట్టినవే.

పేరు ఒకటే, దెబ్బ వేరు

పాయింట్ 22 అనగానే మనవాళ్లకు ఎన్‌సీసీ క్యాంపులో పేల్చిన రైఫిల్ గుర్తొస్తుంది. దాని గుండు బరువు సుమారు రెండున్నర గ్రాములు, వేగం సెకనుకు 380 మీటర్ల దరిదాపు. గొట్టం దాటేటప్పుడు దాని శక్తి 190 జౌళ్లు మాత్రమే. పక్షులకూ కుందేళ్లకూ సరిపోయే శక్తి అది. జింక మీద దాన్ని వాడటాన్ని అమెరికాలో చాలా రాష్ట్రాలు నిషేధించాయి.

అసలు చర్చ నడిచేది పాయింట్ 223 రెమింగ్టన్ అనే తూటా గురించి. గుండు లావు ఇంచుమించు అదే, 5.7 మిల్లీమీటర్లు. కానీ దాని వెనక ఇత్తడి గొట్టంలో మందు ఎన్నో రెట్లు ఎక్కువ. మూడున్నర గ్రాముల గుండు సెకనుకు 988 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది. శక్తి 1,738 జౌళ్లు, అంటే ఎన్‌సీసీ రైఫిల్ కంటే తొమ్మిది రెట్లు. 1960లలో అమెరికా సైన్యం ఎం-16 తుపాకీతో పాటే ఎదిగిన తూటా ఇది. ఏఆర్-15 రైఫిళ్ల పుణ్యమా అని ఇవాళ అక్కడ లక్షల ఇళ్లలో ఉంది. ఇంట్లో ఉన్నదానితోనే వేటకు వెళ్లవచ్చు కదా అన్న ఆలోచన సహజం.

ఇంకో కారణమూ ఉంది. ఈ రైఫిల్ పేల్చినప్పుడు భుజానికి తగిలే తన్ను చాలా తక్కువ. పెద్ద రైఫిల్ తన్నుకు భయపడి ట్రిగ్గర్ నొక్కే క్షణాన కళ్లు మూసుకునే కుర్రవాడి కంటే, చిన్న రైఫిల్‌తో నిబ్బరంగా గురిచూసే కుర్రవాడే జింకకు తక్కువ బాధ కలిగిస్తాడు. చిన్న తూటాను సమర్థించేవారి వాదనల్లో బలమైనది ఇదే.

గుండు లోపలి సంగతి

లావు, వేగం చూసి తీర్పు చెప్పేస్తే పొరపాటు. గుండు ఒంట్లోకి వెళ్లాక ఎలా ప్రవర్తిస్తుందన్నదే కీలకం. పాయింట్ 223లో దొరికే గుళ్లు చాలా వరకు పంటలను పాడుచేసే ఎలుకజాతి జంతువులు, నక్కలు వంటివాటి కోసం తయారైనవి. పైపొర పలచగా ఉండి, తగిలీ తగలగానే తునాతునకలవుతాయి. జింక భుజం ఎముకకు అలాంటి గుండు తగిలితే పైపైనే పెద్ద గాయం చేసి ఆగిపోతుంది, ఊపిరితిత్తుల దాకా వెళ్లదు. సైన్యం వాడే గుళ్లది ఇంకో తంటా. రాగితొడుగు పూర్తిగా కప్పేసి ఉండటంతో అవి విచ్చుకోకుండా సన్నటి రంధ్రం చేసి అవతలికి పోవచ్చు. చాలా రాష్ట్రాల్లో వేటకు అవి నిషిద్ధం.

మధ్యే మార్గాన్ని వెతికినవారిలో జాన్ నోస్లర్ ఒకడు. 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో అతను ఒక మూస్ దుప్పిని కొడితే గుళ్లు బురదపట్టిన దాని చర్మం దగ్గరే పగిలిపోయాయి. ఆ చిరాకులోంచే, మధ్యలో అడ్డుగోడ ఉన్న గుండు పుట్టింది. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెక్కుచెదరకుండా లోతుకు దూసుకుపోతుంది. పాయింట్ 223లో దాదాపు నాలుగు గ్రాముల బరువుతో ఈ రకం గుండు ఇవాళ దొరుకుతోంది. పూర్తిగా రాగితో చేసినవీ ఉన్నాయి. చిన్న తూటా వాదనకు ఊపిరి పోసినవి ఈ గుళ్లే.

అయితే బరువైన గుండు పొడవుగా ఉంటుంది. అది గాలిలో తిన్నగా వెళ్లాలంటే వేగంగా గిరగిరా తిరగాలి. పాత రైఫిళ్ల గొట్టాల్లో లోపలి గాడులు 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేవి, పొడుగు గుండుకు అది చాలదు. కొత్తవాటిలో తొమ్మిది, ఎనిమిది, ఏడు అంగుళాలకే ఒక చుట్టు ఉంటుంది. తాత రైఫిల్‌లో కొత్త గుండు వేసి గురి తప్పిందని వాపోతే తప్పు ఎవరిదో చెప్పనక్కర్లేదు.

వంద గజాల గీత

జింకను కొట్టడానికి తగిలే చోట కనీసం 1,356 జౌళ్ల శక్తి ఉండాలన్నది వేటగాళ్లలో పాతుకుపోయిన లెక్క. వారి కొలతల్లో వెయ్యి అడుగుల-పౌండ్లు. దీని వెనక సైన్సు కంటే గుండ్రని అంకె మీద మోజే ఎక్కువ. అయినా ఓ కొలబద్దగా పనికొస్తుంది. మామూలు పాయింట్ 223 గుండు 100 గజాలు చేరేలోపే ఆ గీత కిందికి దిగిపోతుంది. 100 గజాల దగ్గర దాని శక్తి 1,250 జౌళ్లకు, 200 గజాల దగ్గర 880 జౌళ్లకు పడిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు దీన్ని దగ్గరి దూరాలకే పరిమితం చేసుకోమంటారు. తూర్పు రాష్ట్రాల దట్టమైన అడవుల్లో జింక కనిపించేదే ఆ మాత్రం దూరంలో కాబట్టి అక్కడ ఇది పెద్ద ఆంక్షేమీ కాదు.

దూరం తగ్గినా షరతులు తగ్గవు. జింక పక్కకు తిరిగి నిలబడి ఉండాలి. గురి ముందుకాలి వెనక, గుండె, ఊపిరితిత్తులు ఉండే జానెడు చోట మీదే ఉండాలి. అది ఎదురుగా నిలబడినా, ఏటవాలుగా వెళ్తున్నా పెద్ద గుండు ఎముకలను చీల్చుకుపోగలదేమో కానీ, చిన్నదాని మీద ఆ భరోసా పెట్టుకోకూడదు. పైగా చిన్న గుండు అవతలి వైపుకు రాకపోతే నెత్తురు చుక్కలు నేలమీద పెద్దగా పడవు. జింక వంద అడుగులు పరుగెత్తి పొదలో పడినా జాడ దొరకదు.

చట్టాలు ఏకమాట మీద లేవు. టెక్సాస్ పాయింట్ 223ను అనుమతిస్తుంది. వర్జీనియా పాయింట్ 23 కంటే చిన్నదాన్ని, కొలరాడో పాయింట్ 24 కంటే చిన్నదాన్ని ఒప్పుకోవు. బ్రిటన్ మరింత సూక్ష్మంగా ఆలోచించింది. ఇంగ్లండ్‌లో జింకలకు కనీసం పాయింట్ 240 తుపాకీ, 2,305 జౌళ్ల శక్తి ఉండాలి. కానీ మంట్‌జాక్ వంటి బుల్లి జింకలకు 2007 నుంచి పాయింట్ 220, 1,356 జౌళ్లు చాలంటున్నారు. మన నల్లమలలో తిరిగే కొండగొర్రెకు చుట్టమైన ఈ చైనా మంట్‌జాక్ ఒకప్పుడు వోబర్న్ జమీందారీ తోటలోంచి బయటపడి ఇంగ్లండ్ అంతటా పాకింది. జంతువు బరువును బట్టి తుపాకీ అన్న ఈ పద్ధతే అన్నిటికంటే సబబుగా కనిపిస్తుంది.

మన దగ్గర

భారతదేశంలో ఈ చర్చకు తావే లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తొమ్మిదో సెక్షన్ వేటను నిషేధించింది. ఏ తుపాకీతో, ఎంత దూరం నుంచి అన్న ప్రశ్న అక్కడితో ముగుస్తుంది. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల జింక తెలంగాణది. జోధ్‌పూర్ దగ్గర 1998లో జరిగిన కృష్ణజింకల వేట కేసులో సల్మాన్ ఖాన్‌కు 2018లో కింది కోర్టు ఐదేళ్ల శిక్ష వేసింది, ఆయన అప్పీలు చేశారు. ఆ వ్యవహారంలోనే పాయింట్ 22 రైఫిల్‌పై నడిచిన ఆయుధ చట్టం కేసును మాత్రం 2017లో కోర్టు కొట్టేసింది.

మినహాయింపులు లేకపోలేదు. పంటలను నాశనం చేస్తున్నాయని కేంద్రం నోటిఫై చేశాక 2016లో బిహార్‌లోని మొకామాలో 200కు పైగా నీల్‌గాయ్‌లను కాల్చి చంపారు. కాల్చింది హైదరాబాద్ నుంచి రప్పించిన షూటర్లు. దాని మీద అప్పటి కేంద్ర మంత్రులు మేనకా గాంధీ, ప్రకాశ్ జావడేకర్ బాహాటంగానే తగవు పడ్డారు. చంపాలా వద్దా అన్నదాని మీదే మాటల యుద్ధమంతా సాగింది. చంపక తప్పనప్పుడు ఎలాంటి తుపాకీ, ఎలాంటి గుండు, ఎంత దూరం అన్న ప్రశ్న ఆ గొడవలో పైకే రాలేదు.