కిరణముల పరావర్తనము

అమరకోశమున అద్దమునకు దర్పణము, ముకురము, ఆదర్శము అను పేళ్లు గలవు. బొట్టు దిద్దుకొనునపుడు ప్రతిదినము మనము దానిని చూచుచునే యుందుము. కాని తనపై బడిన వెలుగులో నది యెంత భాగమును మరల్చుచున్నదో విచారించువారు అరుదు.

కిరణము వస్తువును తాకి వెనుకకు మరలుటకు పరావర్తనమని పేరు. దానికి రెండు కొలతలు గలవు. మొదటిది కోణము. కిరణము తాకినచోట అద్దమునకు నిట్టనిలువుగా నొక గీతను ఊహింపుడు, అది లంబము. వచ్చు కిరణము లంబముతో నెంత కోణము చేయునో, మరలు కిరణమును ఆవలిప్రక్క నంతే చేయును. రెండవది పరిమాణము. దీపపు వెలుగును మొదట నేరుగను, పిదప అద్దముమీదుగను కాంతిమాపకముపై బడనిచ్చి, రెండవ లెక్కను మొదటిదానిచే భాగింతురు. వెండిపూత నూటికి సుమారు 95 పాళ్లు మరల్చును. నిలువుగా బడిన వెలుగులో ఉత్త గాజు ఒక్కొక్క ముఖమున సుమారు 4 పాళ్లు, నిశ్చలమైన నీరు 2 పాళ్లు మాత్రమే మరల్చును. సున్నపు గోడయు చాల వెలుగునే మరల్చును గాని నలుదెసలకు చెదరగొట్టును. అందు ముఖము కానరాదు. గది మాత్రము వెలుగును. పొగచూరిన వంటయింటి గోడ ఆ వెలుగును మ్రింగివేయును. కావున సున్నము వేయుట కేవలము అలంకారము గాదు, కన్నులకును మేలు.

ఎక్సుకిరణముల తీరు వేఱు. 1895లో వానిని కనుగొనిన రాంట్‌గెన్ పండితునకు అవి అద్దమున మరలుట కానరాలేదు. నిలువుగా తాకినచో అవి లోనికి చొచ్చుకొనిపోవును. మెఱుగుపెట్టిన తలమును రాచుకొనునంత వాలుగా వచ్చినచో మరలునని 1923లో కాంప్టన్ చూపెను. కాన ఈ శాస్త్రజ్ఞులు కోణమును లంబమునుండి గాక తలమునుండి కొలుతురు. వెలుగు లెక్కలో 89 అంశలైనది యిచట 1 అంశ యగును. ఈ భేదము మఱచినచో లెక్క తాఱుమాఱగును. 1999లో ఆకాశమునకు పంపబడి, సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖరుని పేర వెలసిన చంద్ర దూరదర్శినియందు అద్దములు పీపాలవలె నిలువుగా నుండుటకు కారణ మిదియే.

స్ఫటికములలో అణువుల పొరలును కొన్ని నియత కోణములయందే ఈ కిరణములను మరల్చునని 1912, 1913 సంవత్సరములలో బ్రాగు తండ్రికొడుకులు స్థాపించిరి. స్ఫటికమును ఎంత త్రిప్పుదురో, కొలుచు పరికరమును దానికి రెట్టింపు త్రిప్పుదురు. ఆ కోణమునుండి పొరల యెడము తెలియును. మన వంటయింటి ఉప్పులో అది సెంటీమీటరును మూడున్నర కోట్ల వంతులు చేసిన అందు సుమారు ఒక వంతు!

ఇంత సూక్ష్మమైన లెక్క మన కేల యనెదరా? ఛాయాపటములపై ఈ కిరణములు వేసిన చుక్కల చోటును, నలుపును లెక్కించి డోరతీ హాడ్జ్‌కిన్ అను విదుషి 1945లో పెనిసిలిన్ నిర్మాణమును, 1969లో మధుమేహపు మందైన ఇన్సులిన్ నిర్మాణమును తేల్చెను. 1964లో నోబెల్ బహుమానము నందిన యామె మువ్వురు బిడ్డల తల్లి. సోదరీమణులారా, ఆడపిల్లకు లెక్క లెందులకని యెవరైన ననినచో, ఈమె పేరు చెప్పుడని మేము కోరుచున్నాము.