అరేబియా సముద్రంపై ఆ మసక మేఘమా, దుమ్మా?

వేసవిలో అరేబియా ఎడారుల్లో, మక్రాన్ తీరంలో పెద్దగాలి లేస్తే, దుమ్ము సముద్రం మీద వందల కిలోమీటర్లు సాగుతుంది. పడవలో ఉన్నవారికి ఆకాశం మసకబారినట్టు తోస్తుందంతే. పైనున్న ఉపగ్రహానికి మాత్రం పట్టుబడుతుంది.

విచిత్రమేమంటే, దుమ్ము పుట్టిన చోట దాన్ని పట్టడమే కష్టం. ఇసుక మీద ఇసుక రంగు తెలియదు గదా! సముద్రం నల్లగా ఉంటుంది గనుక గోధుమరంగు చార తేటగా కనిపిస్తుంది. నీటిపై ఎండ తళతళలాడే చోట మాత్రం ఫొటో అక్కరకు రాదు.

మరి పల్చని మేఘానికీ దుమ్ముకూ తేడా ఎట్లా? కంటికి కనపడని వేడి కిరణాలను రెండు చోట్ల, 11, 12 మైక్రాన్ల వద్ద కొలుస్తారు. ఎత్తున ఉండే మంచు మేఘమైతే మొదటిది ఎక్కువ వేడి చూపుతుంది. దుమ్మయితే రెండోది. రాత్రిపూట కూడా ఈ కిటుకు పనికొస్తుంది.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు రంగు, వేడి చూసి చేపలుండే తావులను మత్స్యకారులకు చెబుతుంది. దుమ్ము అడ్డుపడితే రంగు తప్పుతుంది, నీరు ఉన్నదానికన్నా చల్లగా తోస్తుంది. డీజిలు పోసుకుని వేటకు వెళ్లేవారికి ఇది చిన్న సంగతి కాదు. 2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఓషన్‌శాట్‌లో 13 రకాల వెలుతుర్లలో చూసే కెమెరా ఉంది. గాలిలోని మసకను లెక్కకట్టి తీసేయడానికి వాటిలో కొన్నింటిని వాడతారు.

రైతులకూ ఇందులో పని ఉంది. అరేబియా సముద్రంపై దుమ్ము దట్టమైతే వారంలోపే మధ్య భారతంలో వానలు పెరుగుతున్నాయని వి. వినోజ్, సహచర శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించారు. దుమ్ము ఎండను పీల్చి గాలిని వేడెక్కిస్తుంది. ఆ వేడికి సముద్రపు తడిగాలి మరింత జోరుగా ఇటు మళ్లుతుంది.