లేసిక్ చేయించుకుంటే లోకో పైలట్ అవుతారా?

"సైట్ ఉందా? లేసిక్ చేయించుకో, ఏఎల్‌పీ కొట్టేయొచ్చు." రైల్వే పరీక్షలకు చదివే పిల్లల్లో ఈ మాట ఎంతకీ చావడం లేదు. దీన్ని నమ్మి అప్పు చేసి ఆపరేషన్ చేయించుకున్నవారు రాతపరీక్షలన్నీ దాటినా మెడికల్‌లో ఆగిపోతారు.

అసిస్టెంట్ లోకో పైలట్‌కు (ఏఎల్‌పీ) కావాల్సింది ఏ-1 మెడికల్ ప్రమాణం. అంటే, కళ్లజోడు లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపు. దాగి ఉన్న ప్లస్ పవర్‌ను పట్టే ఫాగింగ్ టెస్ట్ కూడా నెగ్గాలి. లేసిక్ గానీ, సైట్ తగ్గించే మరో ఆపరేషన్ గానీ చేయించుకున్నవారు అనర్హులని నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. చదవరెందుకు?

"చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది" అనేవారూ ఉన్నారు. తెలుస్తుంది. లేసిక్‌లో కార్నియా పైపొరను కోసి లేపి, కింద లేజర్‌తో చెక్కి మళ్లీ మూస్తారు. ఆ కోత అంచు ఏళ్ల తర్వాత కూడా కంటి డాక్టర్ వాడే స్లిట్ ల్యాంప్ కింద కనిపించవచ్చు. మారిన కార్నియా వంపు టోపోగ్రఫీ పరీక్షలో బయటపడుతుంది.

ఈ నిబంధన రైల్వే మొండితనం కాదు. లేసిక్ తర్వాత కొందరికి రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, వెలుగు చెదురుతుంది. ఆఫీసులో కూర్చునేవారు దాంతో సర్దుకుపోగలరు. చీకట్లో దూరపు సిగ్నల్ చూసి బండి ఆపాల్సిన మనిషికి అది కుదరదు, వెనక వందల ప్రాణాలుంటాయి.

ఒక్కటి ఒప్పుకోక తప్పదు. సైనిక దళాల్లో కొన్ని విభాగాలు వయసు, ఆపరేషన్ తర్వాతి గడువు వంటి షరతులతో లేసిక్‌ను అనుమతిస్తున్నాయి. ఆ నియమం రైలింజనుకు వర్తించదు.

చూపు గురించి వినిపించే మిగతా అపోహలు, వాటికి జవాబులు:

క్యారెట్ తింటే సైట్ పోతుంది: పోదు.

కంటి వ్యాయామాలతో మైనస్ పవర్ తగ్గుతుంది: తగ్గదు.

రంగు అద్దాలు వర్ణాంధత్వాన్ని నయం చేస్తాయి: పుట్టుకతో వచ్చినదాన్ని నయం చేయలేవు.

కళ్లజోడుంటే విమాన పైలట్ కాలేరు: కమర్షియల్ పైలట్లకు నిర్ణీత పరిమితుల్లో జోడు అనుమతి ఉంది.

కళ్లజోడుంటే రైల్వేలో ఉద్యోగమే రాదు: క్లర్క్ పోస్టుల సి-2 ప్రమాణానికి జోడు అడ్డు కాదు. స్టేషన్ మాస్టర్‌కు మాత్రం ఏ-2, అంటే జోడు లేకుండా 6/9 చూపు కావాలి.

అందుకే దరఖాస్తుకు ముందే కంటి డాక్టర్‌ను కలిసి చూపు, రంగుల గుర్తింపు రాయించుకోండి. నోటిఫికేషన్‌లో పోస్టు పక్కన రాసిన మెడికల్ ప్రమాణంతో సరిచూసుకోండి. అన్‌ఫిట్ అయితే బదులుగా వేరే ఉద్యోగం ఇవ్వరు. జోడు వద్దనుకునేవారికి లేసిక్ మంచి మార్గమే. లోకో పైలట్ కావాలని మాత్రం దాని మీద ఒక్క రూపాయి పెట్టకండి.